సూర్యుని వేడిమిని పట్టు రంగు గోడలు

తిరుపతి రైల్వే స్టేషను పరిసరములలో ఏ లాడ్జిలో దిగినను, గది తలుపు వెనుకనో గుమాస్తా బల్లమీదనో ఒక చిన్న బోర్డు కనబడుట కద్దు: "వేడినీళ్లు ఉదయము 4 గంటల నుండి 8 గంటల వరకు." యాత్రికులు తెల్లవారుజామున స్నానము చేసి కొండకు బయలుదేరవలెను. మార్గశిర, పుష్యమాసములలో చన్నీళ్లు ముట్టుకొనుటకు పిల్లలును వృద్ధులును జంకుదురు. ఆ నాలుగు గంటలలో ఊరంతట గీజర్లు ఒక్కసారిగా పనిచేయును; బాయిలర్లలో కట్టెలు రాజుకొనును. ఆ నీటిని క్రితము రోజు ఎండతోనే కాచి దాచుకొనవచ్చునని ఇప్పుడు చాలమందికి తెలిసినదే. డాబాలమీద వాలుగా నిలబెట్టిన నల్లని పెట్టెలు మనకు కొత్తవి కావు.

నాకు పరిచయమున్న ఒక లాడ్జి యజమాని మేడపైన చోటు చాలక, రెండవ అంతస్తులో దక్షిణపు గోడకు రెండు సౌరఫలకములను బిగించినాడు. వీధిలోనుండి చూచినవారు "గోడకు బొగ్గుపెట్టెలు తగిలించినారేమి?" అని నవ్విరట. ఆయనకు చిన్నతనమనిపించి, పెయింటరును పిలిపించి, పైగాజు తీయించి, లోపలి నల్లని పలకకు గోడకున్న గంధపు రంగునే పూయించినాడు. పెట్టె గోడలో కలిసిపోయినది. నీళ్లు మాత్రము గోరువెచ్చన కూడ కాలేదు. ఆయన నన్ను పిలిచి అడిగిన ప్రశ్న ఇది: "ఏం సార్, సూర్యునికి నలుపు తప్ప ఇంకో రంగు పనికిరాదా?"

ఈ ప్రశ్నకు ఉన్న జవాబు చాల ఆసక్తికరమైనది. పనికివచ్చును, కాని ఆ రంగును పూయవలసిన చోటు వేరు. ఆయన పలకకు పూసినాడు. గాజుకు పూయవలసియుండెను.

ముందుగా లెక్క ఎంతటిదో చూతము. 20 లీటర్ల బక్కెట నీటిని 25 డిగ్రీల నుండి 45 డిగ్రీలకు తెచ్చుటకు 400 కిలోకేలరీల వేడిమి కావలెను. విద్యుత్తులో చెప్పవలెనన్న అది 0.46 యూనిట్, అనగా సుమారు అర యూనిట్. ఒక్క బక్కెటకు ఇది స్వల్పమే. నూరు గదులున్న లాడ్జిలో మున్నూరుగురు స్నానము చేసినచో రోజుకు 140 యూనిట్లగును. అటువంటి లాడ్జీలు, సత్రములు, హాస్టళ్లు ఊరిలో ఎన్ని కలవో పాఠకులే ఊహించుకొనవచ్చును. అయిదంతస్తుల మేడకైనను పైకప్పు ఒకటే. ఆ కప్పుమీద నీటి తొట్లు, లిఫ్టుగది, బట్టలారవేయు తీగెలు, సెల్‌ఫోను స్తంభము. ఇవి పోగా మిగిలిన చోటు అయిదంతస్తులవారికి చాలదు. గోడలు మాత్రము కావలసినన్ని కలవు.

సౌరశక్తి అనగానే ఈ ప్రాంతమువారికి తిరుమల వంటశాల జ్ఞప్తికి వచ్చును. 2002లో అచ్చట 106 పెద్ద దర్పణపు పళ్లెములను నిలిపి, ఎండతో నీటియావిరి పుట్టించి, అన్నప్రసాదము వండు ఏర్పాటు చేసినారు. ఒక్కొక్క పళ్లెము వైశాల్యము 9 చదరపు మీటర్లకు పైన. ఇవి సూర్యునితో పాటు తిరుగుచు కిరణములను ఒకచోట కేంద్రీకరించును. 180 డిగ్రీల ఆవిరిని రోజుకు 4 టన్నుల మేర తయారుచేసి, సుమారు 15,000 మందికి వండగలుగునట్లు దానిని రూపొందించినారు. సౌర ఆవిరితో వండు వంటశాలలలో అప్పటికి ప్రపంచమున అదే పెద్దదని పేరుపడినది. కాని దర్పణములకు విశాలమైన చోటు కావలెను, కదలిక కావలెను. స్నానపు నీటికి అంత వేడిమి అక్కరలేదు. 50, 60 డిగ్రీలు చాలును. దానికి కదలని పలక, పైన ఒక గాజు, వెనుక వేడిమిని పోనీయని దూది వంటి పదార్థము ఉన్నచో సరిపోవును. కదలనిది కాబట్టి దానిని గోడకు బిగింపవచ్చును.

ఇట్టి పెట్టె యొక్క మూలము చాల పాతది. 1767లో జెనీవా శాస్త్రజ్ఞుడు హొరేస్ డి సొస్యూర్ గాజుమూతలు గల పెట్టెలను ఎండలో నుంచి, లోపల నీరు మరుగు ఉష్ణోగ్రతను మించిన వేడిమిని సాధించినాడు. గాజు చేయు పని వింతైనది. ఎండలోని కాంతిని, దానికి సమీపమునగల పరారుణ కిరణములను లోపలికి రానిచ్చును. వేడెక్కిన పలక తిరిగి వెదజల్లు కిరణములు వేరు జాతివి. వాని తరంగదైర్ఘ్యము వెలుతురుకంటె పదునైదు ఇరువది రెట్లు పెద్దది. వానిని గాజు దాటనీయదు. అయినను గాజు తానే వేడెక్కి, ఆ వేడిమిలో కొంత బయటికి విడుచును. ఈ నష్టమును మొదటనే తగ్గించుటకు 1955లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు హారీ టేబర్ ఒక ఉపాయము చూపినాడు. మెరుగుపెట్టిన లోహముమీద మిక్కిలి పలుచని నల్లని పూత వేసినచో, ఎండకు అది నల్లగా ప్రవర్తించి కాంతిని మింగును. తాను వెదజల్లవలసిన దీర్ఘతరంగముల విషయములో మాత్రము అద్దము వలె ప్రవర్తించి, వేడిమిని విడువక పట్టుకొనును. నేటి మంచి పలకలు తమపై పడిన ఎండలో నూటికి 95 పాళ్లు గ్రహించును. మామూలు నల్లని వస్తువు వెదజల్లు దానిలో పదవ వంతో అంతకు తక్కువో వెదజల్లును. ఇట్టి పూతకు 'ఎంపిక పూత' అని పేరు పెట్టుకొందము.

మన లాడ్జి యజమాని పెయింటరు ఏమి చేసినాడో ఇప్పుడు తెలియును. గంధపు రంగు ఎండలో సగమునకు పైగా వెనుకకు కొట్టివేసినది. ఇది అందరికీ తెలిసిన నష్టము. రెండవ నష్టము ఎవరి కంటికిని కనబడదు. ఇంటికి వేయు మామూలు పెయింట్లన్నియు, తెల్లనివైనను పచ్చనివైనను, దీర్ఘతరంగముల విషయములో నలుపే. వేడెక్కిన పలక తన వేడిమిని ఆ పెయింటు ద్వారా ధారాళముగా వెదజల్లినది. వచ్చినది తక్కువ, పోయినది ఎక్కువ. టేబర్ సాధించినదంతయు ఒక కుంచెతో పోయినది. ఎంపిక గుణము చెడకుండ రంగునిచ్చు పెయింట్ల కొరకు స్లొవీనియా మొదలగు దేశములలో కృషి జరిగినది గాని, పలకకు రంగు పూసినచో గ్రహణశక్తి కొంత తగ్గకతప్పదు.

పోనీ, పెట్టెపైని గాజునే రంగుగాజుగా వాడినచో? చర్చి కిటికీలలోని ఎర్రగాజు, పచ్చగాజు వంటి వానిలో రంగు గాజుముద్దలోనే కలిసియుండును. అది తనకు కావలసిన రంగును మాత్రము పోనిచ్చి, మిగిలిన కాంతిని తాను మింగును. మింగిన కాంతి గాజును వేడెక్కించును. గాజునంటిన గాలి ఆ వేడిమిని ఊడ్చుకొనిపోవును. పలకకు చేరవలసినది దారిలోనే దోపిడి అయినట్లే. ఇదియు పనికిరాదు.

ఇక మూడవ మార్గము. అది మీలో చాలమంది ముక్కుమీదనే కలదు. ఇటీవల వచ్చిన కళ్లజోళ్లలో 'యాంటీ గ్లేర్' అద్దములను చూడుడు. ఎదుటివారి కళ్లద్దములపై ట్యూబులైటు ప్రతిబింబము ఆకుపచ్చగానో ఊదాగానో మెరయును. కాని ఆ అద్దములు పెట్టుకొన్నవారికి లోకము ఆకుపచ్చగా కనబడదు. అద్దములో రంగుపదార్థమేమియు లేదు. మరి ఆ పచ్చదనము ఎక్కడిది? వాన కురిసిన రోడ్డుమీద బండినుండి కారిన నూనెబొట్టు ఇంద్రధనుస్సువలె విప్పారుటకు, సబ్బుబుడగ రంగులీనుటకు ఏది కారణమో దీనికిని అదే. పలుచని పొర పైతలము నుండి కొంత కాంతి, అడుగుతలము నుండి కొంత కాంతి వెనుకకు మరలును. ఈ రెండును కలియునప్పుడు, కొన్ని తరంగదైర్ఘ్యములలో శిఖరమునకు శిఖరము కలిసి బలపడును; కొన్నింటిలో శిఖరమునకు లోయ తగిలి అణగిపోవును. దీనినే భౌతికశాస్త్రములో వ్యతికరణము అందురు. బలపడిన రంగు మన కంటికి కనబడును. వెనుకకు మరలనిది పోయిందనుకొనరాదు. అది లోపలికి సాగిపోవును. పొర దేనినీ మింగదు, పంచిపెట్టును. ఈ ఒక్క గుణమే మనకు కావలసినది.

పొరల మందములను ఇష్టము వచ్చినట్లు అమర్చి, మనకు కావలసిన ఒక్క రంగును మాత్రము వెనుకకు మరలించవచ్చును. సిలికా పొర ఒకటి, టైటానియం ఆక్సైడు పొర ఒకటి, ఇట్లు మార్చి మార్చి వేయుదురు. ఆకుపచ్చ కొరకు సిలికా పొర మందము 94 నానోమీటర్లు, టైటానియం పొర మందము 60 నానోమీటర్ల ప్రాంతమున ఉండవలెను. తలవెండ్రుక మందము వీనికి కొన్ని వందల రెట్లు. ఈ అంకెలు ఎట్లు వచ్చినవో విద్యార్థులు సరిచూచుకొనవచ్చును: ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యము 550 నానోమీటర్లు, దానిని పొర వక్రీభవన గుణకమునకు నాలుగు రెట్లతో భాగింపవలెను. గుణకము సిలికాకు 1.46, టైటానియం ఆక్సైడుకు సుమారు 2.3.

"ఆకుపచ్చ కాంతిని వెనుకకు పంపినచో ఆ మేరకు శక్తి నష్టమే కదా?" అని తరగతిలో తప్పక ఎవరో ఒకరు అడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. నష్టము కలదు, కాని అది ఎంతో లెక్కించినప్పుడు ఆశ్చర్యము కలుగును. భూమిని చేరు సూర్యశక్తిలో దాదాపు సగము పరారుణము. అది కంటికి కనబడనే కనబడదు. మిగిలిన వెలుతురులోను కన్ను అన్ని రంగులకు ఒకే మర్యాద చేయదు. 555 నానోమీటర్ల వద్దనున్న పసుపుపచ్చ కాంతిని మిక్కిలి గాఢముగ గుర్తించును. లోతైన ఎరుపును, ఊదాను మందముగ గుర్తించును. 530 నుండి 580 నానోమీటర్ల వరకు గల సన్నని పట్టీని తీసికొందము. సూర్యుని మొత్తము శక్తిలో ఈ పట్టీ వాటా నూటికి 7 లేక 8 పాళ్లు. కాని కన్ను 'వెలుతురు' అని లెక్కించుదానిలో ఈ పట్టీ వాటా నూటికి 45 పాళ్లు! ఈ పట్టీలో సగమును మాత్రము వెనుకకు పంపినామనుకొనుడు. శక్తిలో నూటికి 4 పాళ్ల లోపు పోవును. కన్ను మాత్రము వెలుతురులో అయిదవ వంతునకు పైగా వెనుకకు వచ్చినట్లు గ్రహించి, ఆ గోడను నిండైన ఆకుపచ్చగా చూచును. నాలుగు పైసలు ఇచ్చి ఇరువది రెండు పైసల సరుకు తెచ్చుకొన్నట్లు. పూతలేని మామూలు గాజుకూడ రెండు తలములనుండి కలిపి నూటికి 8 పాళ్లు వెనుకకు కొట్టుచునే యుండునని జ్ఞప్తియందుంచుకొన్నచో, ఈ నష్టము ఎంత చిన్నదో తెలియును. ఎర్రని, నీలపు రంగులకు బేరము ఇంత లాభసాటి కాదు. అక్కడ కన్ను మందమైనది గనుక అదే వెలుగు కొరకు ఎక్కువ శక్తి వదలుకొనవలెను.

ఈ ఆలోచనను కార్యరూపమునకు తెచ్చినవారు స్విట్జర్లండు శాస్త్రజ్ఞులు. 2000 ప్రాంతమున ఐరోపాలో వాస్తుశిల్పులను విచారించగా, సామర్థ్యము కొంత తగ్గినను సరే, నలుపు కాక వేరు రంగులు కావలెనని నూటికి 85 మంది చెప్పినారు. లోజాన్ నగరములోని ఫెడరల్ పాలిటెక్నిక్ సంస్థలో ఆండ్రియాస్ షూలర్, క్రిస్టియన్ రోకర్, జాన్ లూయీ స్కార్తెజ్జీని మొదలైనవారు, బాజెల్ విశ్వవిద్యాలయము వారితో కలిసి, వ్యతికరణ పూతల గాజుతో రంగుల సౌరఫలకములు సాధ్యమని 2004లో ప్రకటించిన పరిశోధనలలో చూపినారు. పూతను గాజు లోపలివైపున వేసినారు. వాన, దుమ్ము, తుడుపుగుడ్డ దానిని తాకవు. గాజు బయటివైపును కొద్దిగ గరుకుచేసినచో మెరుపు తగ్గి, వెనుకనున్న పలక అతుకులు, గొట్టములు కనబడకుండ పోవును. పూత వేయుటకు ఒక సులభమైన పద్ధతి కూడ కలదు: గాజుపలకను ద్రావణములో ముంచి నిదానముగ పైకిలాగి, కొలిమిలో కాల్చుట. లాగు వేగమును బట్టి పొర మందము మారును. బట్టలకు గంజి పెట్టుటలోనున్న నేర్పు వంటిదే, కాని నానోమీటర్లలో!

ఇదే జాతి పూతను తరువాత విద్యుత్తునిచ్చు సౌరపలకలకును వాడినారు. 2017లో కోపెన్‌హేగన్ రేవు ప్రాంతమున కట్టిన అంతర్జాతీయ పాఠశాలకు గోడలనిండ సుమారు 12,000 పలకలు సముద్రపు పచ్చరంగులో బిగించినారు. అన్నిటి గాజు ఒకటే. కాని కొంచెము కొంచెము వాలు మార్చి బిగించుటచేత ఒక్కొక్కటి ఒక్కొక్క ఛాయలో కనబడును. పొరలోనుండి కాంతి ఏటవాలుగా పోయినప్పుడు బలపడు తరంగదైర్ఘ్యము తగ్గి, పచ్చ నీలమువైపు జరుగును. నెమలి పింఛమును త్రిప్పి చూచినవారికి ఇది తెలిసిన సంగతియే.

అయితే లోజాన్‌లోనో కోపెన్‌హేగన్‌లోనో బాగున్నది తిరుపతిలో బాగుండునా? అక్కడ సూర్యుడు ఎప్పుడును తలపైకి రాడు. గోడకు ఎదురుగ నిలుచును. మనకు అట్లు కాదు. తిరుపతి అక్షాంశము 13.65 డిగ్రీలు. ఏప్రిల్ చివరి వారములోను ఆగస్టు నడుమను సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చి నీడ కాళ్లక్రిందికి పోవును. జూన్‌లో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరమునకు పోవును గనుక దక్షిణపు గోడకు సూటి ఎండయే ఉండదు. మార్చి 21న సూర్యుడు 76 డిగ్రీల ఎత్తున ఉండుటచే గోడమీద పడు కిరణములు దాదాపు దానిని రాసుకొనుచు జారిపోవును. సూటి ఎండలో నాలుగవ వంతు కూడ గోడకు దక్కదు, ఆ దక్కినదానిలోను గాజు చాల భాగము వెనుకకు కొట్టును. ఇవన్నియు చూచి, మన ప్రాంతమున గోడ పలకలు దండుగ యని త్రోసివేయుట సులభము. నేనును మొదట అట్లే అనుకొన్నాను.

డిసెంబరు, జనవరి నెలలను లెక్కించిన తరువాత ఆ అభిప్రాయము మార్చుకొనవలసివచ్చినది. డిసెంబరు 21న మధ్యాహ్నపు సూర్యుడు 53 డిగ్రీల ఎత్తుననే ఉండును. సూటి ఎండలో నూటికి 60 పాళ్లు దక్షిణపు గోడకు తగులును. ఉదయము నుండి సాయంకాలము వరకు సూర్యుడు దక్షిణముననే ఉండును గనుక దినమంతయు తగులును. నిర్మలమైన జనవరి దినమున చదరపు మీటరు గోడకు 4, 5 యూనిట్ల ఎండ చేరునని నా లెక్క. అందులో సగము కంటె కొంచెము తక్కువ నీటికి దక్కినదనుకొన్నను, చదరపు మీటరుకు రెండు యూనిట్లు. అనగా నాలుగు బక్కెటల వేడినీళ్లు. నూరు గదుల లాడ్జికి 70 చదరపు మీటర్ల గోడ చాలును. 20 మీటర్ల పొడవు, 12 మీటర్ల ఎత్తుగల దక్షిణపు గోడలో ఇది మూడవ వంతుకూడ కాదు. వేసవిలో ఆ గోడ పనిచేయదు, నిజమే. కాని వేసవిలో తిరుపతి కొళాయి త్రిప్పినచో వచ్చునవి వేడినీళ్లే! చలికాలములో చురుకుగాను వేసవిలో మందముగాను పనిచేయు ఉపకరణము మన అవసరమునకు సరిపోయినంతగా మేడమీది పలకకూడ సరిపోదు.

ఒక్క చిక్కు కలదు. నవంబరులోను డిసెంబరు ప్రథమార్ధములోను ఈశాన్య ఋతుపవనము మనకు మేఘములను తెచ్చును. వాన పట్టినప్పుడు వరుసగా కొన్ని దినములు ఎండ ముఖమే కనబడదు. ఆ దినములకు గీజరు ఉండక తప్పదు. మరియొక చిక్కు మన బోరునీళ్లది. ఈ ప్రాంతపు నీటిలోని సున్నము కాగిన గొట్టములలో పెచ్చుగట్టి కొన్ని ఏండ్లలో దారి మూసివేయును. మేడమీద నున్న పెట్టెను విప్పి శుభ్రపరచవచ్చును గాని, నాలుగవ అంతస్తు గోడలో పొదిగినదానిని విప్పుట ఎవరితరము? కాబట్టి గోడ పలకలలో మంచినీటినే మూసిన చుట్టుగా త్రిప్పుచు, వేడిమిని మాత్రము తొట్టిలోని బోరునీటికి అందించు పద్ధతి తప్పనిసరి. దీనికి ఖర్చు కొంత పెరుగును.

ఈ గాజు నేను విచారించినంతలో తిరుపతి దుకాణములలో దొరకుట లేదు. కాని దానికి కావలసిన విద్య మనకు దూరముగా లేదు. ఈ ఊరిలోనే 1954లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయములో, భౌతికశాస్త్ర శాఖవారు సౌరశక్తి కొరకు పలుచని పొరలపై ఏండ్ల తరబడి పరిశోధనలు చేయుచున్నారు. హైదరాబాదు దాపున బాలాపూర్‌లోని ఏ.ఆర్.సి.ఐ. సంస్థ ద్రావణములో ముంచి వేయు పూతలపైనను, ఎంపిక పూతలపైనను కృషి చేసినది.

ఉపాధ్యాయులు తరగతిలో చేయించుటకు ఒక చిన్న ప్రయోగము. ఒకే కొలత గల డబ్బాలు నాలుగు తీసికొని, మూడింటికి నలుపు, ఒకదానికి గంధపు రంగు పూయించుడు. నాలుగింటను సమానముగ నీరు పోసి, ఒక నల్లని డబ్బాపై మామూలు గాజు, రెండవదానిపై రంగు సెల్లోఫేను కాగితము అంటించిన గాజు, గంధపు డబ్బాపై మామూలు గాజు ఉంచి, నాలుగవదానిని గాజు లేకయే విడువుడు. ఉదయము పదింటి నుండి ఒంటిగంట వరకు ఎండలో నుంచి, అరగంటకొకసారి ఉష్ణోగ్రత వ్రాయించుడు. సెల్లోఫేను గాజును చేతితో తాకి చూడుమనుడు. అది మామూలు గాజు కంటె వేడెక్కినదో లేదో పిల్లలే చెప్పుదురు. పిమ్మట యాంటీ గ్లేర్ కళ్లజోడును తెల్లకాగితముపై ఎండలో పట్టి, దాని ప్రతిబింబపు రంగును, కాగితముపై పడిన వెలుతురు రంగును పోల్చి చూడుడు.

లాడ్జి యజమాని పలకపై పెయింటును గీకించినాడు. దానితో క్రింది ఎంపిక పూతయు ఊడిపోయి, తుదకు కొత్త పలకలే వేయించవలసివచ్చినది. అవి ఇప్పుడు నల్లగనే యున్నవి, నీళ్లు కాగుచున్నవి. నేను స్టేషను రోడ్డున కనబడినప్పుడెల్ల, "పచ్చగాజు ఎప్పుడొస్తుంది సార్?" అని అడుగుచునే యున్నాడు.